వేసవి పట్టిక

వార్షిక పరీక్షల కాలపట్టిక మన కళాశాల ప్రకటన ఫలకం మీదికి ఎక్కిన కొద్ది దినాలకే, కర్నూలు పాతబస్తీలో కొండారెడ్డి బురుజుకు అనతిదూరాన, ఒక చిన్న అంగడి గోడమీద మరొక పట్టిక వెలుస్తుంది. మొదటిది ఏమి చదవవలెనో శాసిస్తుంది. రెండవది ఏమి చదివితే, ఏమి వింటే బాగుండునో చెబుతుంది. బట్టల దుకాణం నుండి తెచ్చిన అట్టమీద వెడల్పు కలంతో వ్రాసిన పట్టిక అది. తెలుగు ఎడమ అంచు నుండి, ఉర్దూ కుడి అంచు నుండి బయలుదేరి మధ్యలో కలుసుకుంటాయి. ఒక్కొక్కప్పుడు చోటు చాలక ఒక భాష రెండవదాని మీదికి ఎక్కుతుంది కూడా.

ఆ అంగడిలో పుస్తకాలు, గ్రామఫోను రికార్డులు అమ్ముతారు. యజమానిని అందరూ చాచా అనే పిలుస్తారు. తెలుగు పిల్లలూ అదే పిలుపు పిలుస్తారు. ఆయన మాత్రం ఉర్దూ పిల్లలను ‘బేటా’ అని, తెలుగు పిల్లలను ‘నాయనా’ అని పిలుస్తారు. ఇప్పటికి ఆయనకు డెబ్బది ఏళ్ళు దాటినవి. మేము ముగ్గురము 2007 నుండి 2010 వరకు ఈ కళాశాలలో బి.ఎ. చదివినవారము. మాలో ఒకడు ఇప్పుడు ఇక్కడే పాఠాలు చెబుతున్నాడు. సంచికకు ఏదైనా వ్రాయవలసినదని సంపాదకవర్గం వారు కోరగా, ఈ యేటి పట్టికను గూర్చియు, ఆ అంగడి క్షేమ సమాచారాలను గూర్చియు వ్రాయుటే ఉచితమని మాకు తోచింది. అంతకు పూర్వం ఒక పాత సంగతి చెప్పవలసి ఉన్నది. అది చెప్పకుండ ఈ పట్టికను సిఫారసు చేసే అర్హత మాకు లేదు.

అంగడి పెట్టినది చాచాగారి తండ్రి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం అవతరించి కర్నూలు రాజధాని అయినది. భవనాలు చాలక అనేక కార్యాలయాలు గుడారాలలో నడిచిన కాలమది. ఎండకు, వానకు ఓర్చి గుడారాలలో పనిచేసే గుమాస్తాలకు సాయంకాలం పొద్దుపోవలె గదా! పుస్తకం, పాట రెండూ ఒకేచోట దొరికే ఆ అంగడి వారితో కిటకిటలాడేదట. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు తరలింది. గుమాస్తాలతోపాటు గిరాకీ తరలింది. గ్రంథాలయోద్యమానికి జీవితం ధారపోసిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు పుట్టిన ఊరు ఇది. అయినను పుస్తకాల అంగడి నడపటం ఇక్కడ ఎన్నడూ సుఖమైన పని కాలేదు. ఆ రోజులలోనే మిగిలిన కొద్దిమంది విద్యార్థులను ఆకర్షించటానికి ఆ పెద్దాయన వేసవి పట్టికను, దానితోపాటు ఉద్దర ఖాతాను ప్రారంభించారు. సెలవులకు ముందు పుస్తకం తీసుకొనిపోవచ్చును. కళాశాల తెరచిన తరువాత డబ్బు ఇయ్యవచ్చును. పేరు, గ్రంథం, వెల మూడూ ఎర్రగుడ్డ అట్ట వేసిన పుస్తకంలో సిరాతో వ్రాసుకొనేవారు. హామీ అడిగే అలవాటు లేదు.

2009 వేసవికి ఆ ఖాతాలో మా ముగ్గురి పేరిట 340 రూపాయలు ఉన్నవి. నాలుగు పుస్తకాలు, ఒక పాత రికార్డు. కళాశాల తెరచినది, జూలై గడిచింది, ఆగస్టు గడిచింది. ఇయ్యలేక కాదు. ఇవాళ, రేపు అనుకొన్నాము.

అక్టోబరు 2, శుక్రవారం, గాంధీ జయంతి. తుంగభద్ర, హంద్రీ నదులు పొంగి ఊరిమీద పడినవి. ఆ వరదను గూర్చి పెద్దలందరూ మీకు చెప్పియే ఉంటారు. మేము తిరిగి వర్ణించము. మాలో ఒకని ఇంటిగోడ పడిపోయినది. నీరు తీసిన తరువాత అంగడికి పోయి చూస్తే గుమ్మం దగ్గర మోకాలిలోతు బురద ఉన్నది. చాచా లోపల బల్లమీద కూర్చుండి, ఒక్కొక్క పుస్తకాన్నే చేతిలోకి తీసుకొని, విప్పి చూచి, రెండు గుట్టలుగా వేస్తున్నారు. ఏ గుట్ట ఏదో అడగటానికి మాకు నోరు రాలేదు.

తడిసిన పుస్తకాన్ని ఎట్లా బ్రతికించవలెనో ఆ పది దినాలలో నేర్చుకొన్నాము. ఎండలో పెట్టరాదు, పెడితే అట్టలు వంకరపోతవి, కాగితం పెళుసెక్కుతుంది. నీడలో, గాలిలో, పదేసి పుటలకు ఒక వార్తాపత్రిక తావు ఉంచి, ఆ తావులను పూటపూటకూ మార్చుతూ ఆరబెట్టవలె. రెండు దినాలు ఆలస్యమైతే బూజు పడుతుంది. విచిత్రమేమనగా, ఖరీదైన నున్నని కాగితం మీద అచ్చయిన చిత్రాల పుస్తకాలు ముందుగా పోయినవి. పుటకు పుట అతుక్కొని ఇటుకల్లా తయారైనవి. ముతక కాగితం మీద అచ్చువేసిన చవక ప్రతులు చాలవరకు తేరుకొన్నవి. ఇక కాతిబులు చేతితో వ్రాయగా రాతి అచ్చున ముద్రించిన పాత ఉర్దూ గ్రంథాలలో ఒక్క అక్షరం కూడ చెదరలేదు. ఆ అచ్చు సిరాలో జిడ్డు ఉంటుంది గనుక నీరు దానిని ఏమీ చేయలేదని చాచా చెప్పారు. కలం సిరాకు అటువంటి రక్ష లేదు. ఎర్రగుడ్డ ఖాతా పుస్తకాన్ని బురదలోనుండి తీసి విప్పితే ప్రతి పుటా లేత నీలిరంగుతో మెరిసింది. ఒక పేరు లేదు, ఒక అంకె లేదు. ఆ క్షణంలో మేము ముగ్గురము ఒకరి ముఖం ఒకరము చూచుకొనలేదు.

రికార్డుల సంగతి వేరు. అవి మునిగినా చావలేదు. పై సంచులు కరిగిపోయినవి. మధ్యనున్న గుండ్రని కాగితపు చీటీలు ఊడిపోయినవి. పాట మాత్రం గీతలలో భద్రంగా ఉన్నది. అయితే ఎవరి పాటయో ముల్లు పెట్టి విన్నగాని తెలియదు. బురద కడిగే పని మేము పూనుకొన్నాము. బాకీ సంగతి నోటితో చెప్పలేక చేతులతో తీర్చుకొంటున్నామని మాలో మాకు ఒక సమాధానం ఉండేది కాబోలు. మాలో ఒకని మామ టేపురికార్డరు భాగాలను స్పిరిటుతో తుడుస్తూ ఉండగా వాడు చూచి ఉన్నాడు. మందుల దుకాణంలో ఒక సీసా స్పిరిటు, ఒక కట్ట దూది కొనుక్కొని వచ్చాము. ముందు ప్లాస్టిక్ రికార్డులను తుడిచాము, అద్దాలవలె మెరిసినవి. ఆ ఉత్సాహంలో పాతకాలపు 78 రికార్డుల మీద పడ్డాము. దూదికి నల్లగా అంటుకొన్నది. బురదయే అనుకొని ఇంకా గట్టిగా రుద్దాము. ఏడు రికార్డులు అయిన తరువాత వెలుతురులో పెట్టి చూస్తే వాటిమీద గీతలు మసకబారి ఉన్నవి. నిమిషానికి 78 సార్లు తిరిగే ఆ పాత రికార్డులను లక్కతో చేస్తారనీ, లక్క స్పిరిటులో కరుగుతుందనీ మాకు అప్పుడు తెలియదు. నది చేయని పనిని మేము చేశాము. ఆ ఏడింటిని గుట్ట అడుగున పెట్టి, సీసాను హంద్రీ ఒడ్డున పారవేసి ఇండ్లకు పోయినాము. చీటీలు లేవు గనుక ఎవరి గొంతులను చెరిపామో ఈనాటికీ మాకు తెలియదు.

నవంబరులో చాచా పట్టిక వేలాడదీసే మేకుకే ఒక అట్ట తగిలించారు. ఖాతా నీటిపాలైనదనీ, ఎవరి జ్ఞాపకం వారిదనీ రెండు భాషలలో రెండు వాక్యాలు. అంతే. జనం వచ్చారు. తమ ఇండ్లే కూలిపోయినవారు కొందరు వచ్చి ‘నాది ఇంత’ అని చెప్పిపోయినారట. రానివారు ఎందరో ఎవరికి తెలుసు? చెప్పినదే వ్రాసుకొన్నారు; మారు ప్రశ్న వేయలేదు. మేము ప్రతి దినం ఆ వీధినే వస్తూ, ఎదుటివైపు నడిచేవారము. డబ్బు ఒక్కటే అయితే ఇచ్చివేసి ఉందుము. గుమ్మం ఎక్కితే ఆ ఏడు రికార్డుల ప్రస్తావన వస్తుందని భయం.

2010 ఏప్రిల్‌లో మరల వేసవి పట్టిక వెలిసినదని విన్నాము. పోయి 340 రూపాయలు బల్లమీద పెట్టాము. ఆయన లెక్కపెట్టుకొని, క్రొత్త ఖాతాలో మా పేర్లు వ్రాసి, చెల్లు అని గీత గీశారు. పెన్సిలుతో గీశారు. పెన్సిలు వ్రాత నీటికి చెరగదని ఆయన ఆ యేడు నేర్చుకొన్న పాఠం. నేటికీ ఆ అంగడిలో సిరా ముట్టరు. రికార్డుల మాట మేము ఎత్తలేదు. ఆయనా ఎత్తలేదు. ఆ మాట బయటపడినది 2017లో, మాలో ఒకడు అధ్యాపకుడై తిరిగి వచ్చి, ఆ గుమ్మంలో నిలబడి జరిగినదంతా చెప్పినప్పుడు. చాచా కళ్ళద్దాలు తీసి, ‘స్పిరిటు వాసన అంగడి అంతా నిండి ఉండగా నాకు తెలియదనుకొన్నావా నాయనా?’ అన్నారు. ఆ ఏడింటిని ఆయన పారవేయలేదు. ఒకదానిని పెట్టి వినిపించారు. వాన పడుతున్నట్లు ఒకటే చప్పుడు. దాని వెనుక ఎక్కడో ఒక గొంతు. స్త్రీయో, పురుషుడో చెప్పలేము.

ఇక ఈ యేటి పట్టిక. చాచాగారి పద్ధతి ఏమనగా ప్రతి పుస్తకానికి జోడుగా ఒక రికార్డును కూడ సూచిస్తారు. మొత్తం పదకొండు జోడులు ఉన్నవి. అన్నిటిని ఎత్తి వ్రాస్తే మీరు అంగడికి పోరు. మాకు నచ్చినవీ, నచ్చనివీ కొన్ని చెబుతాము.

తలమానికం అనదగినది దాశరథిగారి ‘గాలిబ్ గీతాలు’. 1961లో బాపు చిత్రాలతో వెలువడిన గ్రంథం. నిజాం చెరసాలలో మ్రగ్గిన కవి, ఆ రాజ్యపు భాషలోని కవితను ఇంత ప్రేమతో తెలుగు చేయటం తలచుకొంటేనే ఆశ్చర్యం కలుగుతుంది. భాష వేరు, దొర వేరు అని ఆయనకు తెలుసు. దీనికి జోడు బేగం అఖ్తర్ పాడిన గాలిబు గజళ్ళు. ఆమె 1974లో పరమపదించారు. ముందు తెలుగు చదువుకొని ఆపైన గజల్ వినవలెనా, ముందు విని ఆపైన చదవవలెనా అన్న విషయంలో మా ముగ్గురిలోనే ఏకాభిప్రాయం లేదు. ఉర్దూ రాని మిత్రులు మాత్రం ముందు వినటమే మంచిది; అర్థం తరువాత వస్తుంది, తొందర లేదు.

రెండవది సామల సదాశివగారి ‘మలయమారుతాలు’. హిందుస్తానీ సంగీతాన్ని గూర్చి తెలుగులో ఇంత హాయిగా వ్రాసినవారు అరుదు. స్వరజ్ఞానం లేనివారిని కూడ పక్కన కూర్చోబెట్టుకొని కబుర్లు చెప్పినట్లుంటుంది. వారి ‘స్వరలయలు’కు 2011లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఆదిలాబాదులో ఉంటూ, ఉర్దూ, ఫారసీ సాహిత్యాలలో మునిగి తేలిన తెలుగు అధ్యాపకుడాయన. మన కళాశాలవంటి చోట ఆయన గ్రంథాలు ప్రతి తరగతిలో ఉండవలసినవి. దీనికి జోడు అబ్దుల్ కరీంఖాన్ పాత రికార్డులు. ఉత్తరాది విద్వాంసుడై ఉండి త్యాగరాజ కృతిని రికార్డు ఇచ్చిన మహనీయుడు. 1937లో మద్రాసు నుండి పాండిచ్చేరికి పోతూ త్రోవలో ఒక చిన్న రైలుస్టేషనులో కన్నుమూశారు. ఆ రికార్డుకు ఒక్కొక్క వైపున మూడు నిమిషాలకు మించి పాట పట్టదు. రాగాన్ని గంటల తరబడి విస్తరించే విద్వాంసులు ఆ మూడు నిమిషాలలో ఏమి ఉంచవలె, ఏమి వదలవలె అని ఎంత ఆలోచించి ఉంటారో వింటే తెలుస్తుంది. పరీక్షలో పుటలు నింపే మిత్రులు రెండుసార్లు వినవలెను.

మూడవది జాషువా ‘పిరదౌసి’. పద్యానికొక బంగారు నాణెమని మాట ఇచ్చి, షానామా పూర్తి అయిన తరువాత వెండి నాణెములు పంపిన గజనీ సుల్తాను కథ. ఈ కావ్యం చాచాగారి పట్టికలో మొట్టమొదట కనిపించినది 2010లో. మమ్ము ఉద్దేశించి చేర్చలేదని ఆయన ఇప్పటికీ అంటారు. దీనికి జోడు ఈలపాట రఘురామయ్యగారి రంగస్థల పద్యాలు. విషయంలో సంబంధం లేదు, కాని పద్యం గొంతెత్తి చదవవలసినదని పిల్లలకు తెలియాలని చాచాగారి వాదం. ఆ వాదంతో మాకు పేచీ లేదు.

ప్రేమ్‌చంద్ ‘ఈద్‌గాహ్’ చిన్న కథయే. ఉర్దూలోనూ, హిందీలోనూ, తెలుగులోనూ దొరుకుతుంది. పండుగనాడు సంతలో తోటి పిల్లలందరూ బొమ్మలు, మిఠాయిలు కొనుక్కొంటే, హామిద్ అనే అనాథ బాలుడు తన మూడు పైసలతో అవ్వకు పట్టుకారు కొనుక్కొని పోతాడు. రొట్టెలు కాల్చేటప్పుడు ఆమె వ్రేళ్ళు కాలుతున్నవని. పాఠ్యపుస్తకంలో చదివి మరచిపోయినవారు ఇంటిదగ్గర అవ్వకు గట్టిగా చదివి వినిపించవలెనని పట్టికలో వ్రాసి ఉన్నది. ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ 1999లో వచ్చినవి. నెల్లూరు జిల్లా కావలిలో ఒక ముస్లిం బాలుని ఇల్లు, వీధి, బడి. నవ్విస్తూనే గొంతులో ఏదో అడ్డుపడేటట్లు చేస్తవి. దీనికి జోడు షేక్ చినమౌలానా నాదస్వరం. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడి, 1999లో పరమపదించిన విద్వాంసుడు. ఈ రెంటినీ జోడు కట్టటంలో చాచాగారు తమ తెలివినంతా చూపారని మా అభిప్రాయం.

విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’కు ఎదురుగా ఉన్న గడి ఖాళీ. పెన్నలో నీరు లేనట్లే దీనికి జోడు లేదని చాచా అంటారు. మన సీమ కరవును ఎరిగినవారికి వేరే పాట అక్కరలేదు కూడ.

ఒక్క విషయంలో మేము ఆయనతో విభేదిస్తాము. బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ని ఆయన ఏటా ప్రథమ సంవత్సరం విద్యార్థులకు సిఫారసు చేస్తారు. పంతొమ్మిదవ యేట మేము ముగ్గురము చదివి, ముగ్గురము మూడు విధాల అపార్థం చేసికొన్నాము. నలభైలకు దగ్గరపడిన ఈ వయసులో తిరిగి చదివితే అది వేరే నవల. ఈ మాట చెబితే, ‘ఇప్పుడు అపార్థం చేసికొనకపోతే అప్పుడు తిరిగి ఎందుకు చదువుతారు?’ అని ఆయన ఎదురు ప్రశ్న వేశారు. మేము ఒప్పుకొనలేదు.

అంగడి సమాచారాలు కొన్ని. చాచాగారి కుమారుడు బెంగుళూరులో ఉద్యోగి. కింది గదిని సెల్‌ఫోన్ల అంగడికి అద్దెకు ఇయ్యవలసినదని చాలా కాలంగా పట్టుబట్టగా, ఈ మార్చిలో చాచా సరే అన్నారు. ఆ అద్దెతోనే ఇక పుస్తకాల అంగడి నిలుస్తుందని ఆయనే చెప్పారు. చెప్పేటప్పుడు ముఖం అటు త్రిప్పుకొన్నారు. పుస్తకాలు, రికార్డులు మేడగదికి ఎక్కినవి. ఈసారి నది రావలెనంటే పద్నాలుగు మెట్లు ఎక్కవలసి ఉంటుందని ఆయన ఛలోక్తి. ఆ మెట్లు ఇప్పుడు ఆయన మోకాళ్ళకే కష్టంగా ఉన్నవి. ఉదయం ఒకసారి ఎక్కితే రాత్రి దాకా దిగరు. గ్రామఫోనుకు చావి ఇచ్చే పిడి సడలినది; కనుక 78 రికార్డును వినదలచినవారు ఒక చేతితో పెట్టెను అదిమి పట్టుకొని రెండవ చేతితో త్రిప్పవలె. ప్రతి వైపుకు ఒక క్రొత్త ముల్లు మార్చుతారు. ముల్లు అరిగితే గీత అరుగుతుంది గనుక, ఆయన దగ్గర బేరం సాగని వస్తువు అదొక్కటే.

చీటీలు పోయిన ప్లాస్టిక్ రికార్డులు ఇంకా ఒక గంపనిండా ఉన్నవి. విని, ఎవరి పాటయో గుర్తించి, పెన్సిలుతో చీటీ వ్రాసి అతికించినవారికి సగం వెలకు ఇస్తున్నారు. ఈ పని మాలో ఇద్దరము ఆదివారాలు చేస్తున్నాము. మా చెవికి చిక్కనివి చాలా ఉన్నవి, ముఖ్యంగా ఖవ్వాలీలు. ఉర్దూ విభాగం మిత్రులు తోడ్పడవలెనని మనవి. ఉద్దర ఖాతా యథాప్రకారం ఉన్నది. హైదరాబాదు, విజయవాడల నుండి పుస్తకాల మూటలు గురువారం మధ్యాహ్నం వస్తవి. కింద సెల్‌ఫోన్ల అంగడివారు వాటిని గుమ్మం దగ్గర దించి పోతారు. సాయంకాలం అయిదు గంటలకు వచ్చి, ఒక్కొక్క మూట పైకి మోయగలవారు ఇద్దరు ముగ్గురు ఉంటే చాలును.